బ్రేకు మీద ఏసురత్నం కాలు

బ్రేకు ఆయిల్లో చేరిన గాలి తియ్యాలంటే ఇద్దరు మనుషులు కావాలండి. ఒకడు సీట్లో కూర్చుని పెడలు తొక్కాలి, ఇంకోడు చక్రం పక్కన పడుకుని, ఆయిల్ వదిలే నిపుల్ మర తిప్పాలి. కిందోడు "కొట్టు" అంటే పైనోడు మూడుసార్లు తొక్కుతాడు. "పట్టు" అంటే అడుగుదాకా తొక్కిపట్టి "పట్టా" అని బదులిస్తాడు. అప్పుడు కిందోడు నిపుల్ కాస్త వదులు చేస్తే ఆయిల్‌తో పాటు బుడగలు బయటికొస్తాయి. మళ్ళీ బిగించి "బిగించా" అనేదాకా పైనోడు కాలు తియ్యకూడదు. తీశాడా, బయటి గాలి లోపలికి లాక్కుంటది, చేసిందంతా గంగపాలు.

ఇందులో పెద్ద విద్యేం లేదు. కాకపోతే ఒకడికొకడు కనపడరు, మాటే ఆధారం. నేను పదకొండేళ్ళు ఏసురత్నం మాట నమ్ముకుని బళ్ళ కింద పడుకున్నా. ఆ తర్వాత తొమ్మిదేళ్ళు ఆ మాట మళ్ళీ ఎప్పుడు వింటానా అని చూశా. ఆ సంగతే చెప్తా వినండి.

నా పేరు తిరుపతిరావు. నందిగామలో హైవే పక్కన నా షెడ్డు. నాది మంచి చెయ్యే గానీ మంచి నోరు కాదని మా ఆవిడ పున్నమ్మ అంటది. నిజమే, ఒప్పుకుంటా. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోటి మూలాన ఊరేం పోలా గానీ, ఏసురత్నం నన్నొదిలి పోయాడు.

వాడిది జగ్గయ్యపేట. వాళ్ళ నాన్న సున్నపురాయి క్వారీలో రాళ్ళు కొట్టేవాడు. వాడూ నేనూ బెజవాడ ఆటోనగర్‌లో ఒకే మేస్త్రి దగ్గర పని నేర్చుకున్నాం. లారీల హబ్బులు, జీపుల బ్రేకులు, అంబాసిడర్లు, ఇవే మా చదువు. ఎనభై ఎనిమిదిలో నందిగామ వచ్చి ఇద్దరం కలిసి నాలుగు రేకులేసుకుని షెడ్డు పెట్టాం. నేను వాగుడుకాయని, వాడు పది మాటలకి ఒక మాట. గిరాకీని పిలిచేది నేను, పిలిచినోళ్ళు మళ్ళీ వచ్చేది వాడి పని చూసి.

వాడి గొప్పంతా కుడి కాల్లో ఉండేది. సీటెక్కే ముందు చెప్పులు విప్పి పక్కన పెట్టి, పాదం గుడ్డతో తుడుచుకుని, అప్పుడు పెడలు మీద పెట్టేవాడు.

"ఏందిరా ఆ భక్తి? అది బ్రేకా, మీ చర్చి గడపా?" అని ఎగతాళి చేసేవాణ్ణి.

"చెప్పుతో తొక్కితే నాకేం వినపడదురా" అని నవ్వేవాడు.

కాలికి వినపడటం ఏందండీ! కానీ వాడికి వినపడేది. నాలుగుసార్లు తొక్కి, తల కొంచెం పక్కకి వంచి, "ఎడమ వెనకది" అనేవాడు. విప్పి చూస్తే గాలి అక్కడే ఉండేది. పనయ్యాక ప్రతి బండినీ చందర్లపాడు రోడ్డు మీద కల్వర్టు దాకా తీసుకెళ్ళి, నాలుగుసార్లు ఆపి చూసిగానీ తాళాలు ఇచ్చేవాడు కాదు. ఎంత గొప్పోడు వచ్చి హారన్ కొట్టినా సరే, వాడి కల్వర్టు వాడిదే.

తొంభై తొమ్మిది ఎండాకాలంలో చందర్లపాడు బసవయ్యగారు హైదరాబాద్ నుంచి ఒక పెద్ద కారు కొనుక్కొచ్చారు. పత్తి బాగా పండిన సంవత్సరం అది. దానికి ఏబీఎస్ అని కొత్త బ్రేకు. ఎంత గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకుపోయి జారకుండా, సెకనుకి పదిసార్లు పట్టి వదులుతా ఉంటదన్నమాట. మా చుట్టుపక్కల అలాంటి బండి అదే మొదటిది. ఆర్నెల్లకి డాష్‌బోర్డులో ఏబీఎస్ అని పసుప్పచ్చ లైటు వెలిగి ఇక ఆరలా. బసవయ్యగారు మా దగ్గరికి తెచ్చారు.

మాకేం తెలుసు? లైటు వెలిగిందంటే గాలి చేరిందనుకున్నాం. నాలుగుసార్లు గాలి తీశాం. లైటు అలాగే మమ్మల్ని చూసి పళ్ళికిలిస్తా ఉంది. బసవయ్యగారు కుర్చీలో కూర్చుని వాచీ చూసుకుంటున్నారు. "ఏందయ్యా తిరుపతిరావూ, చేతకాకపోతే చెప్పు, బెజవాడ తీసుకుపోతా" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఏసురత్నం టీ తాగి వచ్చేలోపు డాష్‌బోర్డు ఊడదీసి ఆ బల్బు పీకి జేబులో వేసుకున్నా. ఐదోసారి గాలి తీస్తున్నట్టు కాసేపు నటించి బండి ఇచ్చేద్దామని నా ఎత్తు.

ఏసురత్నం సీటెక్కాడు. నేను కింద. "కొట్టు" అన్నా, కొట్టాడు. "పట్టు" అన్నా, "పట్టా" అన్నాడు. నిపుల్ వదులు చేశా. అప్పుడు పైనుంచి వాడి గొంతు.

"ఒరేయ్, తాళం తిప్పితే ఆ లైటు ఒకసారి వెలిగి ఆరాలి గదా. అసలు వెలగలేదేందిరా?"

"బల్బు పీకేశాలే. నువ్వు తొక్కు."

"తప్పురా. పెట్టెయ్. కుదర్లేదని ఆయనకి చెప్దాం."

బసవయ్యగారు వింటున్నారు. నా పరువు పోయింది. పరువు పోయినప్పుడు నా నోటికి హద్దుండదు.

"బ్రేకు తొక్కేవాడివి తొక్కరా, నీతులెందుకు? నీ బదులు ఒక సరుగుడు కర్ర పెట్టుకున్నా పనైపోద్ది!"

బసవయ్యగారు పకపకా నవ్వారు.  నాకు భయమేసింది, వాడు కోపంతో కాలు తీసేస్తాడేమో, గాలంతా లోపలికి పోద్దేమోనని. తియ్యలేదండీ. అంత మాట పడ్డాక కూడా పెడలు అంగుళం కదల్లేదు. ఆయిల్ ఆఖరి బుడగ దాకా కారింది.

"బిగించావా?" అని అడిగాడు.

"బిగించా" అన్నా.

అప్పుడు దిగాడు. కాళ్ళకి చెప్పులేసుకున్నాడు. చేతులు తుడుచుకుని ఆ గుడ్డ మడతపెట్టి బల్ల మీద పెట్టాడు. బస్టాండు వైపు నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. నేను చక్రం చాటునుంచి చూస్తానే ఉన్నా. "ఒరేయ్ ఆగరా" అంటే సరిపోయేది. అనలేదు. రేపొస్తాడులే, ఎక్కడికి పోతాడు అనుకున్నా. వాడు రాలేదు. నెల తిరక్కముందే జగ్గయ్యపేటలో సొంతంగా షెడ్డు పెట్టాడని తెలిసింది.

ఇక చూడండి నా అవస్థ. పున్నమ్మని సీటెక్కించా. "పట్టవే" అంటే వదిలేది, "వదలవే" అంటే తొక్కేది. ఒకసారి ఆయిల్ సర్రున నా మొహం మీద చిమ్మింది. "నేను వంట చేసేదాన్నా, కార్లు తొక్కేదాన్నా?" అని దిగి ఇంటికెళ్ళిపోయింది. మనుషుల్ని పెట్టుకుని చూశా, నా నోటికి నెల తిరక్కముందే పోయారు. ఆఖరికి ఏం చేశాననుకున్నారు? అన్న మాటకి కట్టుబడినట్టు, సరుగుడు కర్ర ఒకటి కొలతకి కోయించా. పెడలుకీ సీటుకీ మధ్య దాన్ని బిగించేవాణ్ణి. కిందకొచ్చి నిపుల్ వదులు చేసేవాణ్ణి, బిగించేవాణ్ణి, లేచి మళ్ళీ కర్ర సర్దేవాణ్ణి. పనయ్యేది. కానీ అలవాటు కొద్దీ కింద పడుకుని "పట్టు" అనేవాణ్ణి. కర్ర "పట్టా" అనదు గదండీ. ఆ ఒక్క క్షణం నా ప్రాణం ఉసూరుమనేది.

బసవయ్యగారు లైటు లేకుండానే బండి తీసుకుపోయారు, ఆ బల్బు నాలుగు రోజులు నా జేబులోనే ఉంది. ఐదో రోజు బెజవాడ వెళ్ళి, కార్ల కరెంటు పని చేసే ఒకాయన కాళ్ళావేళ్ళా పడి ఏబీఎస్ సంగతి చెప్పించుకున్నా. ప్రతి చక్రం దగ్గరా పళ్ళున్న ఒక ఇనుప రింగు, దాని ఎదురుగా వేలెడంత సెన్సారు. రింగు పళ్ళు తిరుగుతుంటే ఆ సెన్సారు చక్రం ఎంత వేగంగా తిరుగుతుందో ఏబీఎస్‌ని నడిపే కంప్యూటరు పెట్టెకి కబురు పంపుద్ది. కబురు తేడా వస్తే పెట్టె లైటు వెలిగిస్తది. గాలికీ దీనికీ సంబంధమే లేదు! చందర్లపాడు వెళ్ళి చక్రాలు విప్పి చూస్తే, వెనక చక్రం సెన్సారు మొన అయస్కాంతం గదా, దానికి ఇనుప పొడి గడ్డంలాగా పట్టేసింది. గుడ్డతో తుడిచా. బల్బు పెట్టి బండి కల్వర్టు దాకా తిప్పా. లైటు వెలిగి, ఆరింది.

ఆ ఆరటం చూసి నేను సీట్లోంచి ఎగిరి గంతేశానండీ. "ఒరేయ్ ఏసురత్నం!" అని అరిచా కూడా. పక్కన ఎవరూ లేరు.

"మీవాడు ఆ రోజు చెప్పింది ఇదేగా, దాచొద్దని" అన్నారు బసవయ్యగారు, తిరిగొచ్చి తాళాలు ఇస్తుంటే. నేను తల ఊపా.

తర్వాత ఏబీఎస్ బళ్ళు ఒకటీ ఒకటీ పెరిగాయి. కరెంటు కొలిచే మీటర్ కొన్నా. కొన్ని బళ్ళల్లో డాష్‌బోర్డు కింది సాకెట్లో రెండు పిన్నుల మధ్య వైరు ముక్క పెడితే ఆ లైటే టపటపా కొట్టుకుని, తప్పు ఏ చక్రంలో ఉందో చెప్తదని నేర్చుకున్నా. పైకి బాగున్న వైరు లోపల తెగి, స్టీరింగ్ ఎడమకి తిప్పినప్పుడు మాత్రమే మొరాయించటం చూశా. జి.కొండూరు నుంచి కూడా నన్ను వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. పేరొచ్చింది. కొత్తది ఏది తెలిసినా ముందు వాడికి చెప్పాలనిపించేది. చెప్పటానికి వాడు లేడు. ఇంత దగ్గర్లో, గంట బస్సు ప్రయాణంలో ఉన్నాడు గానీ లేడు.

వెళ్ళొచ్చు గదా అంటారా? వెళ్ళబోయా. ఎన్నిసార్లో! జగ్గయ్యపేట బస్సెక్కి వాడి షెడ్డు ఉన్న వైపు కిటికీ పక్కన కూర్చునేవాణ్ణి. షెడ్డు దగ్గరపడగానే తల వంచుకుని చెప్పులు చూసుకునేవాణ్ణి. ఒకసారి చిల్లకల్లు అడ్డరోడ్డులో టీ కొట్టు దగ్గర వాడి వీపు కనపడింది. చొక్కా మీద ఆయిల్ మరక, తల కొంచెం పక్కకి వంపు. బస్సు ఆగి ఉంది. దిగొచ్చు. దిగలేదు. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు గానీ, ఆ బలం తగలెయ్యటానికి తప్ప దేనికీ పనికిరాదండీ.

రెండు వేల ఎనిమిది నవంబరులో, పొద్దున తొమ్మిదింటికి, షెడ్డు ముందు ఒక తెల్ల కారు ఆగింది. ముందు దీపం ఒకటి పగిలి ఉంది. నడిపేది జగ్గయ్యపేట స్కూలు టీచరమ్మ ప్రమీలారాణిగారు. పక్క సీట్లోంచి ఏసురత్నం దిగాడు.

జుట్టు నెరిసింది. మనిషి సగమయ్యాడు. కుడి కాలి చెప్పు ఊడిపోకుండా ట్యూబు రబ్బరు ముక్కతో పాదానికి కట్టుకుని ఉన్నాడు. తొమ్మిదేళ్ళు అద్దం ముందు ఎన్ని మాటలు కూర్చుకున్నానో, ఒక్కటీ గుర్తు రాలా.

"టీ తాగుతావా?" అన్నా.

"తాగుతా. పంచదార వద్దు" అన్నాడు.

టీచరమ్మ నందిగామలో ఉన్న వాళ్ళ అక్కగారింటికి వెళ్ళింది, సాయంత్రం వస్తానని. వాడు షెడ్డంతా కలియజూశాడు. మూల నిలబెట్టిన కర్ర మీద వాడి చూపు ఆగింది. వెళ్ళి చేతిలోకి తీసుకున్నాడు.

"ఇదేనా నా బదులు?"

భూమి చీలితే దూరిపోయేవాణ్ణి. వాడు కర్ర మొన వేలితో తడిమి చూశాడు. "బాగానే అరగదీశావురా" అని మళ్ళీ ఉన్నచోటే పెట్టాడు.

టీ తాగుతా అసలు సంగతి చెప్పాడు. "నాలుగేళ్ళుగా షుగరురా. ఏడాది నుంచి ఈ కాలికి మడమ కింద ఏం తెలియట్లా. చెప్పు జారిపోతే వెనకొచ్చేవాళ్ళు పిలిచి చెప్పాలి. మొన్న సైలెన్సర్ తగిలి కాలితే, వాసనొచ్చాక చూసుకున్నా."

నేను వాడి పాదం వంక చూడలేకపోయా.

"టీచరమ్మ రెండుసార్లు చెప్పింది. ఆగబోయే ముందు కాలి కింద టకటకా కొట్టుకుంటంది, బండి గజం ముందుకి జారుతుందని. లైటేమో వెలగట్లా. నేను రెండుసార్లు నడిపా. నాకేం తెలియలా. ఏం లేదమ్మా, మీ అనుమానం అని పంపేశా. మొన్న చిల్లకల్లులో ఆగాల్సిన చోట ఆగక పత్తి ట్రాక్టరుకి కొట్టింది. దేవుడి దయ, దీపం ఒక్కటే పోయింది." టీ గ్లాసు కింద పెట్టాడు. "ఆ రోజు నన్ను కర్రన్నావు చూడు. ఇప్పుడు నిజంగా కర్రేరా నా కాలు. అందుకని వచ్చా. నీ కాలు కావాలి. ఒక్క పూట చాలు."

నాకు ఏడుపొచ్చింది. దగ్గినట్టు దగ్గి తాళాలు తీసుకున్నా.

"చెప్పులు విప్పు" అన్నాడు వాడు, పక్క సీట్లో కూర్చుంటా. విప్పి, పాదం తుడుచుకుని, పెడలు మీద పెట్టా. చందర్లపాడు రోడ్డు పట్టాం. వేగంలో తొక్కితే బాగానే ఉంది. కల్వర్టు దగ్గర మెల్లగా ఆపబోతుంటే, ఇక ఆగిద్ది అనగా, పాదం కింద టకటకటకా కొట్టుకుంది. బండి ముందుకి జారింది.

"వచ్చిందిరా!"

"వచ్చిందా?" అంటా వాడు నా పాదం వంక ఆశగా చూశాడు. "ఎలా ఉంది? చెప్పు, ఎలా ఉంది?"

"కోడిపిల్లని కాలి కింద పెట్టినట్టుంది."

వాడు కళ్ళు మూసుకుని, అవునవునని తలాడించాడు. పది సార్లు ఆపి చూపించా వాడికోసం. రెండోసారికే నాకు తెలిసిపోయింది, మిగతా ఎనిమిదీ వాడు అడిగినందుకు.

తర్వాత ఏబీఎస్ ఫ్యూజు పీకి నడిపితే కొట్టుకోవటం పోయింది. అంటే బ్రేకుల తప్పు కాదు, ఏదో చక్రం సెన్సారు పెట్టెకి అబద్ధం చెప్తంది. ఆ చక్రం జారుతుందనుకుని పెట్టె బ్రేకు వదిలేస్తంది. షెడ్డుకొచ్చి ఒక్కో చక్రం లేపి, చేత్తో తిప్పుతా మీటర్ పెట్టా. మూడు చక్రాలకి ముల్లు నిదానంగా ఊగింది. ముందు ఎడమ చక్రానికి మాత్రం ప్రతి చుట్టులో ఒకచోట దబ్బున పడిపోయి లేస్తంది. అంత చిన్న తేడాకి లైటు వెలగదు, కాలికి మాత్రమే తెలుస్తది. హబ్బు విప్పాం. పళ్ళ రింగు మీద రెండు పళ్ళ మధ్య వెంట్రుకంత పగులు. పగులు పక్కనే సుత్తి దెబ్బ గుర్తు.

ఏసురత్నం ఆ గుర్తు మీద వేలు పెట్టాడు. చాలాసేపు తియ్యలా.

"ఉగాదికి ఈ బేరింగు మార్చింది నేనే. లారీ హబ్బు కొట్టినట్టు కొట్టా" అన్నాడు.

నేనేం అనలేదు. మనం నేర్చుకున్నదే సుత్తితో గదా.

"తిట్టవేందిరా? నువ్వు తిట్టకపోతే భయంగా ఉంది."

"తిట్టాల్సిందంతా అప్పుడే తిట్టేశాలేరా" అన్నా.

వాడు చిన్నగా నవ్వాడు. "టీచరమ్మకి నేనే చెప్తా, నా తప్పేనని. నువ్వు మధ్యలో దూరి ఏదో కప్పిపెట్టకు" అన్నాడు. అదీ ఏసురత్నం అంటే. కాలు పోయినా బల్బు పీకడు.

ఫోన్ చేస్తే ఆటోనగర్ వాళ్ళు కొత్త రింగు బస్సులో వేసి పంపారు. మూడింటికి చేతికొచ్చింది. ఈసారి సుత్తి ముట్టుకోలేదు. రింగుని వేడి నూనెలో ఉంచి, అది ఉబ్బాక మెత్తగా జార్చి కూర్చోబెట్టాం. బ్రేకు ఆయిల్ చూస్తే కషాయంలాగా నల్లబడి ఉంది. ఎలాగూ విప్పాం గదా, అది మార్చి గాలి తీసేద్దామన్నాడు వాడు.

అలవాటుగా నేను పానా తీసుకుని కింద పడుకోబోయా. వాడు నా చేతిలోంచి పానా లాక్కున్నాడు.

"నువ్వు పైకెక్కు. నాకు పెడలు ఎక్కడుందో తెలియదు. నిపుల్ తిప్పటానికి చేతులు బాగానే ఉన్నాయి."

నేను సీటెక్కా. ఇరవయ్యేళ్ళలో వాడి సీట్లో నేను కూర్చోటం అదే మొదలు. వాడు గోడ పట్టుకుని, మోకాలు మడిచి, మెల్లగా వెనక చక్రం పక్కన పడుకోటం అద్దంలో కనపడింది. తర్వాత కనపడలా.

"కొట్టు."

తొమ్మిదేళ్ళ తర్వాత ఆ గొంతు. మూడుసార్లు కొట్టా.

"పట్టు."

"పట్టా" అన్నా. 

నిపుల్ వదిలిన చప్పుడు. పెడలు నా పాదం కింద మెల్లగా దిగిపోతంది. ఇప్పుడు నేను కాలు తియ్యలేను, వాడు చెయ్యి తియ్యలేడు. ఇద్దరం ఎక్కడికీ పోలేం. ఇంతకన్నా మంచి అదను మళ్ళీ రాదనిపించింది.

"ఒరేయ్ ఏసురత్నం, ఆ రోజు నేనన్నది తప్పురా. నీ బదులు కర్ర కాదు గదా, మనిషి కూడా సరిపోలా. తొమ్మిదేళ్ళు కింద పడుకుని 'పట్టు' అని నాలో నేనే అరుచుకున్నా. నన్ను క్షమించరా."

 ఆయిల్ సీసాలోకి కారుతున్న శబ్దం ఒక్కటే వినపడుతుంది. ఆ రోజు కోపాన్నంతా కాలికింద అదిమిపెట్టి వాడు ఇలాగే కూర్చుని ఉంటాడు. ఈ సీట్లో ఆ నిమిషం ఎంత పొడుగో అప్పుడు తెలిసింది.

కింద నుంచి వాడి గొంతొచ్చింది.

"ఆ రోజు బస్టాండు దాకా మెల్లగా నడిచానురా. పిలుస్తావేమోనని."

నేను పెదవి కొరుక్కున్నా.

"బస్టాండులో మూడు బస్సులు వదిలేశా. నాలుగోది ఎక్కా."

నాకిక ఆగలేదు. స్టీరింగ్ మీద తల పెట్టి చిన్నపిల్లాడిలాగా ఏడ్చా. అడుగులో ఉన్న పెడలు మీద నా పాదం వణుకుతానే ఉంది.

"ఒరేయ్, ఒరేయ్! ఇంకా బిగించలా. కాలు వణికితే గాలి లాగుతుందిరా" అన్నాడు ఏసురత్నం కింద నుంచి. "ఇది ఒక్క చక్రమే, ఇంకా మూడున్నాయి. తర్వాత ఏడుద్దువుగానీ. గట్టిగా పట్టు."

"పట్టా" అన్నా.